గొడుగుల కంపెనీ మర్యాదలు

ఆ శనివారం లోకేష్ చేసిన పనిని దొంగతనం అనడానికి లేదు, పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. అబద్ధం అనడానికీ లేదు, అందులో ఉన్నదే పైకి చదివాడు. కాని మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, జగన్మోహన్ గారి కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్ వంటింట్లో, దివాకర్ అనే మనిషిని నలుగురి మధ్య బట్టలు విప్పి నిలబెట్టినంత పని చేశాడు.

సగం తప్పు దివాకర్ అలవాటుది. తణుకులో వాళ్ళ నాన్న ప్రతి జూన్‌లోనూ చాప పరుచుకుని కూర్చుని పిల్లల పుస్తకాలన్నిటికీ బ్రౌన్ పేపర్ అట్టలు వేసేవాడు. అట్ట లేని పుస్తకం పట్టుకుంటే దివాకర్‌కి ఇప్పటికీ ఏదో వెలితి. మిషిగన్ వచ్చాక కిరాణా కొట్టువాళ్ళిచ్చే కాగితం సంచులు కత్తిరించి లైబ్రరీ పుస్తకాలకి కూడా అట్టలు వేసేవాడు. ఈ పుస్తకానికి మరీ శ్రద్ధగా వేశాడు. పైన చీటీ అంటించి, తను చేసే కార్ల వైరింగు పని పేరుతో 'వైర్ హార్నెస్ డిజైన్: ఇంటర్వ్యూ ప్రశ్నలు' అని రాశాడు. ఎవరూ ముట్టుకోని పేరు పెట్టాననుకున్నాడు. ఆ ఇంట్లో సగంమంది బెంచ్ మీద ఉన్నవాళ్ళు. అంటే వీసా వచ్చింది, విమానం దిగారు, ప్రాజెక్టు మాత్రం రాలేదు, అది వచ్చేదాకా జీతమూ లేదు. అలాంటి ఇంట్లో అంతకన్నా ఊరించే పేరు ఇంకోటి ఉండదని మాత్రం అతనికి తట్టలేదు.

బియ్యం బస్తా భుజాన వేసుకుని మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చేసరికి లోకేష్ స్టవ్ పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఆ పుస్తకం. చుట్టూ మిగతావాళ్ళు.

"రా మామా, రా! హీరో వచ్చాడు, జరగండ్రా."

దివాకర్ బస్తా దించలేదు.

"పొద్దున్నుంచీ ప్రిపేరవుదామని తీశాను. మొదటి పేజీ తెరిస్తే ఇద్దరు మగాళ్ళు, టైలు కట్టుకుని, ఆఫీసులో, ఇదిగో..." లోకేష్ పుస్తకం తిప్పి చూపించాడు. "ఇది ఏ రౌండ్‌లో అడుగుతారు మామా?"

"హెచ్.ఆర్. రౌండ్‌ల," అన్నాడు బియ్యం కడుగుతున్న తిరుపతయ్య. అతను కరీంనగర్ మనిషి, ఇంట్లో అందరికన్నా పెద్దవాడు, ఎవరి జోలికీ పోడు. అతను కూడా నవ్వాడు.

లోకేష్ వెళ్ళి తిరుపతయ్యని వెనకనుంచి వాటేసుకుని గొంతు సన్నం చేశాడు. "షిరాయి గారూ, రేపు నన్ను ట్రాన్స్‌ఫర్ చేసేస్తారట. ఈ ఒక్కసారీ నా పేరు పెట్టి పిలవండి."

వంటిల్లు దద్దరిల్లింది. దివాకర్ ఇలాంటి రోజు వస్తుందని ఊహ తెలిసినప్పటినుంచీ భయపడుతూనే ఉన్నాడు. ఆ ఊహల్లో అరుపులుండేవి, కొట్టడాలుండేవి, తల్లి ఏడుపు ఉండేది. నవ్వులు ఎప్పుడూ లేవు. బస్తా దించితే మొహం కనబడుతుందని దాన్ని అలాగే మోస్తూ నిలబడ్డాడు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. జగన్మోహన్ గారు. శనివారం శనివారం వచ్చి బెంచ్ కుర్రాళ్ళు చదువుతున్నారో పడుకున్నారో చూసిపోవడం ఆయనకి రివాజు. ఆ ఇంట్లో అందరి వీసాలూ ఆయన కంపెనీ పేరు మీదే ఉన్నాయి. ఆయన ఉత్తరం రాస్తే ఉంటారు, రాయకపోతే పెట్టె సర్దుకుంటారు. దివాకర్ వీసా పొడిగింపు కాగితాలు ఆ నెలే ఆయన టేబుల్ మీదికి వెళ్ళాయి. సర్దుకుని వెళ్ళడమంటే తణుకు వెళ్ళడం. తణుకు వెళ్ళడమంటే తెల్లారేసరికి పెళ్ళిచూపులు, ఆపైన ఒక అమాయకురాలితో జీవితాంతం అబద్ధం.

"ఏంట్రా గోల?"

"దివాకర్ మంచి పుస్తకం తెచ్చాడు సార్. మీరే చూడండి," అని లోకేష్ చెయ్యి చాచాడు.

దివాకర్ బస్తా ఎప్పుడు వదిలేశాడో, మధ్యలోకి ఎప్పుడు వచ్చాడో అతనికే తెలీదు. "నేనిస్తాను సార్. ఇది జపాన్ పుస్తకం. మనలా కాదు, కుడినుంచి ఎడమకి పోవాలి. ఇలా తెరవాలి."

లోకేష్ మన పద్ధతిలో తెరిచాడు కాబట్టి నేరుగా కథ చివరికి వెళ్ళి పడ్డాడు. అటునుంచి తెరిస్తే ఉన్నది వేరు. ఓకుబో అనే కుర్రాడు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు. నడుం వంచి దణ్ణం పెడుతున్నాడు. రెండు చేతులతో విజిటింగ్ కార్డు అందిస్తున్నాడు. సెక్షన్ హెడ్ షిరాయి దాన్ని రెండు చేతులతో అందుకుంటున్నాడు.

జగన్మోహన్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. దివాకర్‌కి ఆ పుస్తకం కంఠతా వచ్చు. వాన మొదలయ్యే పేజీ దాకా ఫరవాలేదు. వానలో షిరాయి గొడుగు తెరుస్తాడు, ఆ తర్వాత చూపించదగ్గవి కావు. ఆయన వేలు తడి చేసుకుంటున్నారు. మీటింగులో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పే పేజీ. లిఫ్టులో మీటల దగ్గర జూనియర్ నిలబడే పేజీ. కిటికీ బయట మబ్బులు పట్టిన పేజీ. వేలు ఆగింది.

"ఆఫీసు మర్యాదలు నేర్పే పుస్తకమా ఇది?"

"అవును సార్. మన క్లయింట్ జపాన్ వాళ్ళు కదా... అందుకని..."

"బొమ్మలేసి మరీ నేర్పుతున్నారు! చూశార్రా, అదీ ఇనీషియేటివ్ అంటే." ఆయన పుస్తకం టప్పున మూశారు. "నువ్వు వీళ్ళకి ప్రతి శనివారం క్లాసు చెప్పాలి దివాకర్. ఆ ప్లాంటులో ఇంకో ఇద్దర్ని ప్లేస్ చేయొచ్చు. అన్నట్టు ఆ పుస్తకం పేరేంటో మెయిల్ పెట్టు, ఇంటికొకటి కొందాం."

లోకేష్ గరిటె నాకుతూ దివాకర్ వైపు చూసి నవ్వాడు. చెప్పేస్తే ఒకపూట తమాషా. చెప్పకుండా దగ్గర పెట్టుకుంటే ఎంతకాలమైనా పనికొస్తుంది. గుంటూరు కుర్రాడు, ఆ మాత్రం లెక్క తెలిసినవాడే.

* * *

దివాకర్ పనిచేసే చోటు జపాన్ వాళ్ళ కార్ల విడిభాగాల కంపెనీ. అమెరికా ఆఫీసుల్లోలాగా క్యూబులు, అడ్డాలు ఉండేవి కావు. బడిపిల్లల్లా వరసగా బల్లలు, ఆ చివర కిటికీకి వీపుపెట్టి మేనేజరు నిషిదా గారు. వాళ్ళ భాష రెండు ముక్కలు నేర్చుకుందామని లైబ్రరీకి వెళ్ళినప్పుడు పక్క అరలో ఈ బొమ్మల పుస్తకాలు కనబడ్డాయి, ఇంగ్లీషులోకి మార్చినవి. అట్ట మీద అచ్చం తమ ఆఫీసులాంటి ఆఫీసు. నిలబడే ఒకటి చదివేశాడు. పూర్తయ్యాక చుట్టూ చూశాడు, ఎవరైనా తన మొహం చూశారేమోనని.

ఒసాకాలో గొడుగులు తయారుచేసే కంపెనీ. సేల్స్ సెక్షన్‌లో షిరాయి, అతని కింద ఓకుబో. ఇద్దరూ టార్గెట్లు అందక తిట్లు తింటారు, రైళ్ళు అందుకోలేకపోతారు, చొక్కా కాలర్ మాసిపోయిందని సిగ్గుపడతారు. ఆ మధ్యలో ఒకరినొకరు ప్రేమించుకుంటారు. అంతే కథ. తెలుగులో దివాకర్ ఇలాంటి మనుషుల్ని చూసింది సినిమాల్లోనే. అక్కడ వాళ్ళు నడుం తిప్పుకుంటూ వచ్చి, హాలంతా నవ్వాక వెళ్ళిపోయేవాళ్ళు. టై కట్టుకుని, మర్నాటి మీటింగు గురించి కంగారుపడుతూ, పక్క బల్ల మనిషి దగ్గితే గుండె ఆగిపోయే మగవాడు ఒకడుంటాడని ఎవరూ రాయలేదు. అదెక్కడో ఒసాకాలో ఎవరో గీస్తే, మిషిగన్ లైబ్రరీలో నిలబడి తెలుసుకోవలసివచ్చింది.

దివాకర్‌కీ పక్క బల్ల ఉంది. దాని దగ్గర హర్షవర్ధన్ కూర్చునేవాడు. హనుమకొండ మనిషి, దివాకర్‌కన్నా రెండేళ్ళు పెద్ద, అదే కన్సల్టెన్సీ నుంచి ముందే వచ్చి టీమ్ లీడ్ అయ్యాడు. ఎక్కువ మాట్లాడడు. డ్రాయింగులో తప్పుంటే ఎర్రగీత గియ్యకుండా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఇస్తాడు, దిద్దుకున్నాక చెరిపేసుకోమని. ఆ చుక్కల్ని దివాకర్ చెరపలేకపోయేవాడు. అంతకుమించి ఆలోచించడానికి ధైర్యం ఉండేది కాదు. హర్షవర్ధన్‌ని 'మీరు' అనేవాడు, 'సార్' అనేవాడు, అతను పక్కనుంచి లేస్తే చూపు స్క్రీన్ మీదికి తిప్పుకునేవాడు.

* * *

క్లాసులు మొదలయ్యాయి. విజిటింగ్ కార్డు ఎలా పట్టుకోవాలి, అందుకున్నాక వెంటనే జేబులో ఎందుకు తొయ్యకూడదు, మీటింగులో పెద్దాయన్ని తలుపుకి దూరంగా ఎందుకు కూర్చోబెట్టాలి. నడుం ఎవరి ముందు ఎంత వంచాలి. అన్నీ షిరాయి ఓకుబోకి నేర్పినవే. వెనక సోఫాలో లోకేష్ గోళ్ళు కొరుక్కుంటూ వినేవాడు.

"డౌట్ సార్. వానొస్తే ఏం చెయ్యాలి?"

అందరికీ అది మామూలు ప్రశ్న. దివాకర్ వీపు మీద చెమట పట్టేది. క్లాసయ్యాక లోకేష్ వచ్చి భుజమ్మీద చెయ్యి వేసేవాడు. "నేనేం చెప్పలేదుగా మామా? ఎందుకంత పాలిపోతావ్? ఈ వారం నా వంట టర్న్ కూడా నువ్వే చేసెయ్. కారు తాళాలు ఇటివ్వు." దివాకర్ వంట చేసేవాడు, తాళాలిచ్చేవాడు. పుస్తకం ఎప్పుడో లైబ్రరీలో పడేశాడు. పేరు అడిగినప్పుడల్లా జగన్మోహన్ గారికి "అది అచ్చులో లేదట సార్" అని చెప్పాడు. ఎక్కడైనా ఫోన్ మోగితే తన గురించేననిపించేది. లోకేష్ ఎవరితోనైనా గుసగుసలాడితే అన్నం సహించేది కాదు.

మూడో శనివారం జగన్మోహన్ గారు ఉప్మా పొట్లాలతోపాటు హర్షవర్ధన్‌ని తీసుకొచ్చారు. "క్లయింట్ సైట్‌లో సీనియర్ కదా, మన దివాకర్ ఎలా చెప్తున్నాడో ఫీడ్‌బ్యాక్ ఇస్తాడు."

హర్షవర్ధన్ జోళ్ళు విప్పి చాప మీద కూర్చున్నాడు. అప్పటికే దివాకర్ దగ్గర మర్యాదలన్నీ అయిపోయాయి. కార్డు, కుర్చీ, లిఫ్టు, దణ్ణం, ఇంకేం లేవు. జగన్మోహన్ గారు "ఊఁ, నెక్స్ట్?" అంటున్నారు. నోటికొచ్చింది చెప్పేశాడు.

"ఇంకోటుంది సార్. సీనియర్ అలిసిపోయి పనిచేస్తుంటే జూనియర్ కాఫీ డబ్బా ఒకటి వెచ్చబెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఏమీ మాట్లాడకూడదు. డబ్బా మీద లేబుల్ మాత్రం ఆయనవైపు తిరిగి ఉండాలి."

"ఇది బాగుంది! రాసుకోండ్రా," అన్నారు జగన్మోహన్ గారు.

హర్షవర్ధన్ తలెత్తాడు. "ఇది ఏ కంపెనీల?"

"ఒసాకాలో సార్... గొడుగుల కంపెనీలో."

అతను దివాకర్ మొహంలోకి చూశాడు. "నాకెందుకో ఇది రూలు కాదనిపిస్తుంది," అన్నాడు మెల్లిగా. "ఒక మనిషి ఒకే మనిషికి చేసేదేమో."

సోఫాలోంచి లోకేష్ పకపకా నవ్వాడు. మిగతావాళ్ళు ఎందుకు నవ్వాలో తెలీక ఉప్మా తిన్నారు. దివాకర్ చూపు దించుకున్నాడు. ఇతనికీ తెలుసు. లోకేష్ చెప్పాడా? అందుకే వచ్చాడా? ఆఫీసులోనూ ఇంట్లోనూ రెండువైపులా తెలిసిపోతే ఇంక నిలబడే చోటేది?

* * *

ఆ నెలలోనే లోకేష్‌కి ఆ ప్లాంటులోనే ప్రాజెక్టు వచ్చింది. చేరిన వారంలో, కథ ఎలాంటిదైనా మర్యాద నిజమే కదా అనుకుని, పెద్దాయన మెప్పు పొందాలని జపాన్ కిరాణాలో కాఫీ డబ్బా కొని, ఆఫీసు మైక్రోవేవ్‌లో పెట్టి మీట నొక్కాడు. రేకు డబ్బా. నీలం మెరుపులు, ఫట్‌మని చప్పుడు, పొగ, బిల్డింగంతా సైరన్. అకౌంట్స్ వాళ్ళ దగ్గర్నుంచి నిషిదా గారి దాకా అందరూ కోట్లు కూడా లేకుండా మంచులో పార్కింగ్ లాట్‌లోకి వచ్చి నిలబడ్డారు.

నిషిదా గారు ఎవర్నీ కసరలేదు. ఎందుకిలా చేశావని మర్యాదగా అడిగారు. లోకేష్ పళ్ళు కటకటలాడించుకుంటూ ఇంగ్లీషులో చెప్పేశాడు: ఇది మీ దేశపు మర్యాద, దివాకర్ నేర్పాడు, పుస్తకంలో ఉంది.

"నా సర్వీసులో ఎక్కడా వినలేదే," అన్నారు నిషిదా గారు నొసలు ముడిచి. "ఏ పుస్తకం?"

అందరూ దివాకర్ వైపు తిరిగారు. అతని కళ్ళకి తణుకు బస్టాండ్ కనబడింది, అక్కడ సూట్‌కేసుతో దిగుతున్న తను కనబడ్డాడు.

"తప్పు నాది నిషిదా-సాన్," అని హర్షవర్ధన్ ముందుకొచ్చాడు. "నేనే అతనికి చెప్పిన. మీ దేశంలో ప్లాంట్ విజిట్‌కి పోయినప్పుడు ఒకచోట చూసిన. అందరు చేస్తరనుకున్న."

హర్షవర్ధన్ జపాన్ ఎప్పుడూ వెళ్ళలేదు. నిషిదా గారు గట్టిగా నవ్వేశారు. మంచి అలవాటే, మైక్రోవేవ్ మాత్రం వద్దన్నారు. మర్నాటినుంచి ఆ ఆఫీసులో అదొక సరదా అయింది. అకౌంట్స్‌లో తెల్లామె వేణ్ణీళ్ళ గిన్నెలో డబ్బాలు వేసి వెచ్చబెట్టి, లేబుల్ ఎదుటివాళ్ళ వైపు తిప్పి పంచేది. పుట్టినరోజులకి, రిటైర్మెంట్లకి కూడా అదే. ఎవరో ఇద్దరు మనుషులు భయం భయంగా చెప్పుకున్న ఊసుని ఆఫీసంతా కలిసి మేనర్స్ చేసిపారేసింది.

ఆ రోజు సైరన్ ఆగాక హర్షవర్ధన్ దివాకర్‌ని తన కారులో కూర్చోబెట్టి హీటర్ వేశాడు. అద్దాలు మంచుతో మూసుకుపోయి ఉన్నాయి.

"రెండో భాగం ఎట్లుంది?" అన్నాడు.

"ఏ రెండో భాగం సార్? నాకు తెలీదు."

"ఓకుబో కాఫీ డబ్బా కోటు జేబుల పెట్టుకొని వెచ్చగ చేస్తడు గదా. నువ్వు ఆ ముచ్చట క్లాసుల చెప్పలేదు."

"నాకేం తెలీదు సార్. ఆ పుస్తకం పొరపాటున వచ్చింది. లోకేష్ ఏం చెప్పాడో గాని..."

"లోకేష్ నాకేం చెప్పలేదు." హర్షవర్ధన్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ చెప్పాడు. "ఆన్ ఆర్బర్‌ల పాత పుస్తకాల దుకాణంల ఐదు భాగాలూ కొన్న. నా దగ్గరున్నయి. ఇంక నా గురించి కూడ నీకు తెలిసిపోయింది. నీకు నేనెంత డేంజరో, నాకు నువ్వు గూడ గంతే. ఇప్పుడు సార్ అనుడు బంద్ చెయ్."

దివాకర్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తెరవలేదు. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు.

* * *

ఆ తర్వాతి ఏడాది గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఉన్నదంతా ఆ కారులోనే ఉంది. మధ్యాహ్నాలు జపాన్ కిరాణా వెనక పార్కింగ్‌లో ఆపుకుని డబ్బాల్లో అన్నం తినేవాళ్ళు. హర్షవర్ధన్ పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చేవాడు. దివాకర్ వాటికి అట్టలు వేసేవాడు, ఈసారి పైన ఏ పేరూ రాయలేదు.

"ఇవి ఆడోళ్ళు ఆడోళ్ళ కోసం గీస్తరట, తెలుసా నీకు?" అన్నాడు ఒకరోజు హర్షవర్ధన్, మామిడికాయ ముక్క చప్పరిస్తూ.

"మరి మనకోసం?"

"మనకోసం ఎవరూ గియ్యలె. దొరికింది చదువుకున్నం."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే దివాకర్ అద్దంలో వెనక్కి చూశాడు. అదొక జబ్బులా పట్టుకుంది అతనికి. కారు ఏదొచ్చినా లోపల మనవాళ్ళున్నారేమో చూసేవాడు. బల్ల మీద వెచ్చటి డబ్బా, లేబుల్ తనవైపు తిరిగి కనబడితే ముందు గుండె పొంగేది, మరుక్షణం చెయ్యి వెళ్ళి డబ్బాని పక్కకి తిప్పేసేది. చుట్టూ అందరి బల్లల మీదా అలాంటి డబ్బాలే ఉండేవి. అయినా తిప్పేసేవాడు. హర్షవర్ధన్ అది చూసేవాడు.

ఎండాకాలంలో ఒకరోజు లోకేష్ వాళ్ళని కారులో చూశాడు. చూసి కిటికీ మీద గోళ్ళతో టకటకా కొట్టాడు. "ఓకుబో గారికి షిరాయి దొరికాడన్నమాట," అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. దివాకర్ తిన్నదంతా అక్కడే పక్కకి తిరిగి కక్కేశాడు. వారం తిరక్కుండా కృష్ణవేణి ఆంటీకి, అంటే జగన్మోహన్ గారి భార్యకి, ఫోన్ చేసి తనకి సంబంధాలు చూడమన్నాడు. ఎప్పుడూ అడిగే ఆవిడే, పొంగిపోయింది. ఫోటోలు రావడం మొదలైంది. వచ్చిన ప్రతి అమ్మాయికీ ఏదో వంక చెప్పేవాడు. ఆ సంగతి హర్షవర్ధన్‌కి తనే చెప్పాడు, తల వంచుకుని.

"ఎందుకు దివాకర్? వాడేమన్న అన్నడా మళ్ళ?"

"అనలేదు. అంటాడేమో."

ఆ చలికాలం కార్ల కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి కూలబడ్డాయి. ముందు పోయేది కాంట్రాక్టు మనుషులే. లోకేష్‌ని తీసేశారు, అతనికి ఇల్లినాయ్‌లో, నేపర్‌విల్‌లో ఏదో దొరికింది. వెళ్ళేరోజు దివాకర్ చేతిలో కారు తాళాలు పెడుతూ, "ఆ పుస్తకం గొడవ నేనెప్పుడో మర్చిపోయాను మామా. తమాషాకి అన్నాను. నువ్వే మనసులో పెట్టుకున్నావ్," అన్నాడు. నిజంగానే మర్చిపోయినట్టున్నాడు. దివాకర్ ఏడాదిపాటు నిద్రపోకుండా మోసినదాన్ని అవతలివాడు సిగరెట్ పీకలా ఎక్కడో పడేశాడు. అలాంటివాళ్ళే హాయిగా ఉంటారు. దివాకర్ మాత్రం నమ్మలేదు. మర్చిపోయానని చెప్పడం కూడా ఒక ఎత్తు అనుకున్నాడు.

మరి కొన్నాళ్ళకి హర్షవర్ధన్ వంతు వచ్చింది. అతనికి దూరంగా ఇంకో రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ప్రాజెక్టు దొరికింది, వేరే కంపెనీ ద్వారా. కారులో కూర్చుని అంతా చెప్పాడు.

"వాళ్ళకి ఇంకొకడు కావాలె. నీ పేరు చెప్పిన. వీసా ట్రాన్స్‌ఫర్ వాళ్ళే చేస్తరు. ఇద్దరం ఒక అపార్ట్‌మెంట్ తీసుకుందాం. ఎవడడుగుతడు? అమెరికా నిండ తెలుగు బ్యాచిలర్లు ఇద్దరిద్దరు, నలుగురు నలుగురు ఉంటలేరా? దాక్కోనికి ఇంతకంటె మంచి చోటు భూమ్మీద ఎక్కడుంది?"

దివాకర్‌కి ఆ అపార్ట్‌మెంట్ కళ్ళముందు కనబడింది. చిన్న వంటిల్లు, రెండు కంచాలు, గోడకి ఆనించి అట్టలేసిన ఐదు పుస్తకాలు. వెంటనే తలుపు కూడా కనబడింది, దానిమీద ఎవరో కొడుతున్న చప్పుడు వినబడింది.

"జగన్మోహన్ గారు గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తానన్నారు. మధ్యలో వెళ్తే ఎందుకు వెళ్ళావంటారు. ఎవరితో వెళ్ళావంటారు. ఆయన లోకేష్‌ని అడిగితే?"

"లోకేష్ ఇల్లినాయ్‌ల ఉన్నడు."

"ఫోన్లుంటాయి కదా."

హర్షవర్ధన్ హీటర్ గాలికి చేతులు కాచుకున్నాడు. "నిన్నెవరూ తరుముతలేరు దివాకర్. ఒకసారి వెనక్కి తిరిగి చూడు. ఎవరూ లేరు."

దివాకర్ నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ పార్కింగ్, మంచు. అయినా రానన్నాడు.

* * *

పక్కపక్క బల్లలే అయినా మళ్ళీ వాళ్ళు ఎదురెదురుగా నిలబడింది హర్షవర్ధన్ ఆఖరి రోజున, మీటింగ్ రూమ్‌లో, అందరి మధ్య. ఆ తర్వాత ఇక కలవలేదు.

తీసేసిన మనిషికి వీడ్కోలు ఇవ్వడమేంటని అమెరికా వాళ్ళు ఇబ్బందిపడ్డారుగాని నిషిదా గారు ఊరుకోలేదు. కేకు తెప్పించారు. పొడుగుబల్ల నిండా వెచ్చటి కాఫీ డబ్బాలు. ఎవరి ముందు పెట్టిన డబ్బా వాళ్ళవైపే చూస్తోంది. నిషిదా గారు లేచి, ఈ అలవాటు మా దేశానిదో కాదో నాకిప్పటికీ తెలీదు, కాని ఈ ఆఫీసుకి హర్ష-సాన్ తెచ్చిన అలవాటు, మేము ఉంచుకుంటాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అకౌంట్స్ ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎవరికి వాళ్ళు తమ డబ్బా పైకెత్తి హర్షవర్ధన్‌కి చూపించారు. వాళ్ళిద్దరూ తప్ప గదిలో తెలుగు మనిషి ఇంకొకడు లేడు. ఆ పుస్తకం పేరు విన్నవాడు లేడు.

హర్షవర్ధన్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపాడు. దివాకర్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాచలేదు. కోటు జేబులోంచి ఒక డబ్బా తీశాడు. బల్ల మీద ఉన్నవాటిలాగా గిన్నెలో వెచ్చబెట్టింది కాదు. పొద్దున్నుంచీ జేబులో ఉన్నది. ఏమీ మాట్లాడకుండా దాన్ని దివాకర్ ముందు పెట్టి, లేబుల్ అతనివైపు వచ్చేలా నెమ్మదిగా తిప్పి, వేళ్ళు దానిమీదే ఉంచాడు.

దివాకర్ ఆ వేళ్ళని చూశాడు. తలెత్తి తలుపు వైపు చూశాడు. కేకు తింటున్నవాళ్ళని ఒక్కొక్కర్నీ చూశాడు. పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు:

"అటు తిప్పెయ్ హర్షా. ఎవరైనా చూస్తారు."